బుడ్డోడికి, బోటు పాలసీ సంగతి

నెల్లూరు,
ఏప్రిల్ 2

ఒరే బుడ్డోడా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసినాక నాకు నిద్ర పట్టలా. ఈ నెల 15 నుంచి సముద్రంలో వేట నిషేధం గదా. "నిషేధంలో కూడా వేటకి పోదాం, ఇన్సూరెన్స్ ఉంది గదా, బోటు పోయినా డబ్బులొస్తాయి" అని మీ బావమరిది అన్నాడని నువ్వు నవ్వుతా చెప్పావు. నాకు నవ్వు రాలా. ఫోన్‌లో చెబితే సగం వింటావు, ఆ సగంలో ఎవరో పిలిచారని లేచి పోతావు. అందుకే కూర్చుని రాస్తన్నా. చెల్లెమ్మ చేత కూడా చదివించు. బోటులో సగం వాటా కోసం గొలుసు తాకట్టు పెట్టింది ఆమె గదా.

ఇన్సూరెన్స్ కంపెనీకి నష్టం లెక్కగట్టే సర్వేయర్ దగ్గర నేను పనిచేసిన ఐదేళ్ళల్లో నన్ను వదలని కేసు ఒకటుంది. నీకు ఎప్పుడూ చెప్పలా. మే నెలాఖరు. మన తీరంలోనే ఒక ఊరు, పేరొద్దు. మరబోటు రాత్రిపూట ఉప్పుటేరు మొగ దగ్గర ఇసుక మేటకి తగులుకుంది. అలలు కొట్టి కొట్టి తెల్లారేసరికి అడుగు చీలిపోయింది. మనుషులంతా ఈదుకుంటా బయటపడ్డారు, అదొక్కటే నయం. బోటు యజమాని ఆఫీసుకొచ్చి, ఖర్చులు చూపిద్దామని ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ తెచ్చాడు. తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయుంటే, నేనే ఫ్యాన్ కింద టేబుల్ మీద పరిచి ఆరబెట్టా. డీజిల్ బిల్లు, వల తాళ్ళ బిల్లు, వాటి మధ్యలో ఐసు ఫ్యాక్టరీ బిల్లు. నలభై దిమ్మలు. తేదీ ఆ ముందురోజుది. సిరా అలికిపోయింది గానీ తేదీ చదవడానికి వస్తానే ఉంది.

ఆయన మొదట "రిపేరుకి పక్క రేవుకి తీసకపోతన్నాం సార్" అన్నాడు. సర్వేయర్ ఆ బిల్లు చేతికి తీసుకుని, "రిపేరుకి పోయే బోటుకి ఐసు ఎందుకయ్యా?" అని మెల్లగా అడిగాడు. ఆయన చాలాసేపు మాట్లాడలా. ఆ తర్వాత ఒక్క మాటన్నాడు: "నిషేధంలో పోయింది నిజమే సార్. కానీ బోటుని పగలగొట్టింది అల. అలకి నిషేధం తెలుసా?" క్లెయిమ్ కొట్టేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఎందుకంటే ఆయన అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు.

చట్టం ఏం చెప్తుందో చూడు. మనకి 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం ఉంది. దాంట్లో 43వ సెక్షన్. ఇన్సూర్ చేసిన ప్రయాణం చట్టానికి లోబడినదై ఉండాలి, పాలసీదారు చేతిలో ఉన్నంత మేరకు దాన్ని చట్టప్రకారమే నడపాలి. ఈ మాట పాలసీ కాగితంలో ఒక్క అక్షరం లేకపోయినా ఉన్నట్టే లెక్క. దీన్ని వారంటీ అంటారు. ఫ్రిజ్‌కిచ్చే వారంటీ కాదురా, ఇది నువ్వు కంపెనీకి ఇచ్చిన మాట. అది తప్పిన రోజునుంచి కంపెనీకి బాధ్యత ఉండదు. నష్టానికీ నీ తప్పుకీ సంబంధం ఉందా లేదా అని కూడా చూడరు. ఆ అల ప్రశ్నకి జవాబు అదే. అంతకు ముందు జరిగిన నష్టానికి మాత్రం డబ్బులివ్వాల్సిందే. ఇంకోటి, ఒకసారి మాట తప్పి, తర్వాత బుద్ధిగా ఉన్నాను గదా అంటే కుదరదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అంటే నిషేధంలో ఒక్క రాత్రి పోయొచ్చినా, అక్షరం పట్టుకుని చూస్తే మిగతా సంవత్సరం పాలసీ కూడా చేతిలో లేనట్టే.

ఇది మరీ కటువైన చట్టమని నేనూ అంటా. మన చట్టానికి మూలం ఇంగ్లండు వాళ్ళ 1906 చట్టం. వాళ్ళే 2015లో కొత్త చట్టం తెచ్చి, మాట తప్పినంత కాలమే పాలసీ ఆగుతుంది, సరిదిద్దుకుంటే మళ్ళీ పనిచేస్తుంది అని మార్చుకున్నారు. మనం ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉన్నాం. మనదీ మారాలి. అయితే అది మారేదాకా నీ బోటు ఉండేది ఈ చట్టం కిందే.

ఏజెంట్‌కి అన్నీ తెలుసు, ఆయనే చూసుకుంటానన్నాడు అన్నావే, దాన్ని నమ్మొద్దు. మామూలు షరతైతే కంపెనీ వదిలేయొచ్చు. చట్టవిరుద్ధం సంగతిలో వదిలేసే హక్కు కంపెనీకి కూడా లేదు. 1900లో ఇంగ్లండులో ఒక కేసులో కంపెనీ ఆ అభ్యంతరమే ఎత్తలా. అయినా పాలసీ చట్టానికి విరుద్ధమని జడ్జే గమనించి, దావా కొట్టేశాడు. మన 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కూడా అదే దారి, ఉద్దేశం చట్టవిరుద్ధమైతే ఒప్పందమే చెల్లదు.

ఇంత చదివి భయపడి వాటా అమ్మేసుకోవద్దు. ఆ 43వ సెక్షన్‌లో "చేతిలో ఉన్నంత మేరకు" అనే ముక్క ఉంది చూడు, నీకు ఆసరా అదే. 1865లో ఇంగ్లండులోనే ఒక కేసు. ఓడ కెప్టెన్, యజమానికి తెలియకుండా, చట్టం ఒప్పుకోని విధంగా డెక్కు మీద సరుకు ఎక్కించాడు. యజమానికి ఇన్సూరెన్స్ డబ్బులు ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. అదే 1808లో ఇంకో ఓడ. సిబ్బంది దొంగ సరుకు తెస్తన్నారు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఓడని జప్తు చేశారు. నాకేం తెలియదని యజమాని అంటే, ఆపాల్సిన బాధ్యత నీదే గదా అని కోర్టు డబ్బులు ఇప్పించలా. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడానే నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది. బోటు నడిపే సరంగు నీకు తెలియకుండా ఒకసారి తప్పు చేస్తే నువ్వు నిలబడగలవు. తెలిసీ కళ్ళు మూసుకుంటే నిలబడలేవు. మీ బావమరిది ముందే చెప్పాడు, నువ్వు విన్నావు. ఇంక "తెలియదు" అనే మాట నీకు లేదురా.

ప్రతి చిన్న తప్పుకీ పాలసీ పోదు, అదీ చెప్పాలి. 1844లో ఒక ఓడ, సిబ్బందితో రాసుకోవాల్సిన ఒప్పంద పత్రం సరిగా లేకుండా బయల్దేరింది. అది తప్పే, కానీ ఆ చట్టం పెట్టింది నావికుల మేలు కోసం, దానివల్ల ప్రయాణమే అక్రమం అయిపోదు అన్నారు. కాబట్టి కాగితంలో లోపం వేరు, పోకూడని వేళ పోవడం వేరు, పోకూడని చోట వల వేయడం వేరు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని ఉంది గదా, ఆ తప్పు సంవత్సరం పొడుగునా జరగొచ్చు. తమిళనాడు బోట్లు దగ్గరకొచ్చి తెప్పలోళ్ళ వలలు తెంపుతన్నాయని మనమే గొడవ చేస్తాం. రేపు మన బోటే ఆ పని చేస్తే ఏ మొహం పెట్టుకుని మాట్లాడతావు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆ 61 రోజులు చేప గుడ్లు పెట్టే కాలం. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 20 వేలు చాలవని నాకూ తెలుసు. కానీ గుడ్ల మీదున్న చేపని పట్టి మనం తినేది వచ్చే ఏడాది వేటనే.

ఇప్పుడు చేయాల్సినవి. వాటా ఒప్పందంలో నిషేధ కాలంలో బోటు కదలకూడదని రాయించు, ఇద్దరూ సంతకం పెట్టండి. సరంగుకి అదే మాట వాట్సాప్‌లో పంపు, నోటిమాట రేపు ఎవరికీ గుర్తుండదు. బోటు ఏ రేవులో కట్టేసుందో కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయి. కట్టేసిన రోజులకి ప్రీమియంలో కొంత వెనక్కిచ్చే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది, నీదాంట్లో ఉందేమో అడుగు. సరంగూ కళాసీలూ యజమానికి తెలియకుండా చేసే ద్రోహానికి కవరు ఉందో లేదో కూడా చూడు. దాన్ని బ్యారట్రీ అంటారు, ఆ పదం కాగితం మీద వెతుకు. పాలసీ కోసం నింపిచ్చిన ప్రపోజల్ ఫారంలో ఇంజన్ వయసు తక్కువ చేసి రాసుంటే ఇప్పుడే దిద్దించు. దాచిపెట్టిన సంగతి క్లెయిమ్ రోజునే బయటికొస్తది.

మీ బావమరిదితో కొట్లాడొద్దు. పాపం అతనికి అప్పు తీరే దారి కనబడక అంటన్నాడు. వడ్డీ ఎంత పడుతుందో, రెండు నెలలు ఎట్ట గడుస్తుందో ముగ్గురం కూర్చుని లెక్క వేద్దాం. నా దగ్గర చీటీ డబ్బులు జూన్‌లో వస్తాయి, అవి నీవే అనుకో.

పాలసీ కాగితం ఫోటో తీసి పంపు, వెనక చిన్న అక్షరాలున్న పేజీ కూడా. 12వ తేదీ పొద్దున బస్సుకి కొత్తపట్నం వస్తన్నా. నేనొచ్చేదాకా ఇంజన్ తాళం నీ దగ్గరే పెట్టుకో. చెల్లెమ్మని చింతచిగురు పప్పు వండమను.

ఇట్లు,
నీ పెద్దోడు