ఫోన్ నంబరు సరేరా, ఊరి పేరు రాసుకున్నావా?

విజయనగరం,
ఫిబ్రవరి, ఆదివారం పొద్దున్న.

ఒరే నేస్తం,

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో కూడా కవరు మీద స్టాంపు అంటించి రాసేవాడివి నువ్వొక్కడివే, అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. వదినకి నమస్కారాలు చెప్పు, చిన్నదానికి ముద్దులు.

ఈ ఏడు నీకు పదో తరగతి అప్పజెప్పారన్నమాట. 38 మంది గుంటలు ఏప్రిల్ నాటికి పిట్టల్లా ఎగిరిపోతారు, ఆ తరవాత ఒకరి సంగతి ఒకరికి తెలీదు, ఏదైనా చెయ్యాలి అన్నావు. బాగుంది. “వాట్సాప్ గ్రూపు పెట్టేస్తే సరిపోదేటి?” అన్నావు చూడు, అక్కడే నాకు నీతో పేచీ. గ్రూపు పెట్టు, వద్దనను. కానీ అది ఆఖర్న చెయ్యాల్సిన పని.

ఎందుకంటావా? నీ క్లాసులో ఉన్న నంబర్లలో ఒక్కటీ పిల్లలది కాదు. పద్దెనిమిదేళ్ళు నిండితే గానీ వాళ్ళ పేరున సిమ్ ఇవ్వరు. ఆ ఫోను నాన్నదో, అప్పదో, మావయ్యదో అయి ఉంటుంది. నాన్న సెంట్రింగు పనికి హైదరాబాదు వెళ్తే ఫోనూ వెళ్తుంది. మీ టెక్కలి వైపు తీరం ఊళ్ళలో అయితే బోటు పనికి గుజరాత్‌లో వేరావల్ దాకా పోతారు కదా, నెలల తరబడి రారు. మధ్యలో రీఛార్జి ఆగిపోతుంది. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు, అంతే. తరవాత కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకెవరికో అమ్మేస్తారు. నీ గుంటడనుకుని నువ్వు ఏ కరీంనగరం ఆసామికో సంక్రాంతి శుభాకాంక్షలు పంపిస్తావు. వాట్సాప్ కూడా 120 రోజులు తెరవని ఖాతాని తీసేస్తుంది.

మారనిది ఏటంటే ఊరు. ఇల్లు మారినా ఊళ్ళో ఎవరో ఒకరికి తెలుస్తుంది. అందుకని ముందు ఒక 200 పేజీల లాంగ్ నోటుబుక్కు కొను. పిల్లకి ఒక పేజీ, పక్క పేజీ ఖాళీ. ఆ ఖాళీ పేజీ మార్పుల కోసం. పాత వివరం కొట్టేసి పైన ఇరికించి రాస్తే రెండేళ్ళకి ఏదీ చదవలేవు. బాల్ పెన్నుతో రాయించు. జెల్ పెన్ను మన వానాకాలం చెమ్మకి అలుక్కుపోతుంది.

పేజీలో ఏం ఉండాలి? మార్కుల మెమోలో పడబోయే పేరు ఇంటిపేరుతో సహా. దాని కింద ఇంట్లో పిలిచే పేరు. ఇది తమాషాకి చెప్పడం లేదు. మన వైపు ఒక్క క్లాసులోనే ముగ్గురు అప్పలరాజులు, ఇద్దరు పైడిరాజులు ఉంటారు. సింహాచలం అంటే ఆడపిల్లో మగపిల్లాడో పేరు చూసి చెప్పలేం. ఊళ్ళోకి వెళ్ళి “అప్పలనాయుడు ఇల్లెక్కడ?” అని అడిగితే “ఏ అప్పలనాయుడు?” అంటారు. “బుజ్జిగాడు” అంటే చేయి పట్టుకుని తీసుకెళ్తారు. తరవాత తల్లి పేరు, తండ్రి పేరు, వీధి, ఊరు, ఉత్తరాలు ఏ పోస్టాఫీసు నుంచి వస్తాయో దాని పేరు, మండలం, పిన్‌కోడు. రెండు ఫోన్ నంబర్లు, ఒక్కోదాని పక్కన అది ఎవరి ఫోనో. బడి అడ్మిషన్ నంబరు కూడా వేసుకో, ఇరవై ఏళ్ళ తరవాతైనా రిజిస్టర్‌లో ఆ మనిషి దొరుకుతాడు.

అన్నిటికంటే ముఖ్యం చివరి గడి: ‘ఎవరిని అడిగితే తెలుస్తుంది’. ఇల్లు తాళం వేసి ఉన్నా సంగతి చెప్పగలిగిన మనిషి. ఊళ్ళో కిరాణా కొట్టు, టైలరు, అంగన్‌వాడీ ఆవిడ, ఎవరైనా సరే. ఆడపిల్లలకి ఈ గడి తప్పకుండా నింపించు. ముందు తెగిపోయేది వాళ్ళ జాడే. పెళ్ళయితే ఊరు, ఇంటిపేరు, ఫోను మూడూ ఒకేసారి మారతాయి. కన్నవారి ఊరు మాత్రం అలాగే ఉంటుంది, పండక్కి అక్కడికే వస్తారు.

చిరునామాలో మన వాళ్ళు చేసే తప్పు ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. పిన్‌కోడ్లు మాత్రం మారలేదు. 532తో మొదలైతే పోస్టల్ లెక్కలో శ్రీకాకుళం, 535 అయితే విజయనగరం. రాజాం ఇప్పటికీ 532127, పాలకొండ 532440. మన్యం జిల్లాలో ఉన్నా పార్వతీపురానికి 535, పాలకొండకి 532. పిల్లలు “మా జిల్లా విజయనగరం కదా సార్” అని 535 వేసేస్తారు. ఆ ఉత్తరం ముందు ఇటు వచ్చి, మళ్ళీ అటు తిరుగుతుంది. దానికి తోడు మన రెండు జిల్లాల్లోనూ వలసలు, పేటలు, పురాలు ఎన్నని! ఒకే పేరుతో ఊరు నాలుగు మండలాల్లో ఉంటుంది. పిన్‌కోడూ మండలమూ రెండూ లేకుండా “కొత్తపేట, శ్రీకాకుళం జిల్లా” అని రాస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు పాపం. పిన్ తెలీని పిల్లలు ఇంటికి వచ్చిన ఆధార్ కవరో బ్యాంకు ఉత్తరమో చూసి రాసుకు రావాలి. ఊహించి రాయనివ్వకు.

ఇదంతా ఏ రోజు చెయ్యాలి? ఆఖరి పరీక్ష రోజు మాత్రం కాదు. సోషల్ పేపరు అయ్యాక సెంటరు గేటు దగ్గర ఎవరి గోల వాళ్ళది. ఒకరి చొక్కా మీద ఒకరు సిరా చల్లుకుంటుంటే నీ నోటుబుక్కు ఎవడికి కావాలి? హాల్‌టికెట్ల రోజు పట్టుకుందాం అనుకుంటావేమో, ఇప్పుడు హాల్‌టికెట్టు ప్రభుత్వం వాళ్ళ ‘మన మిత్ర’ వాట్సాప్‌లోనే దిగుతోంది, బడికి అందరూ రారు. ప్రీఫైనల్‌కి మాత్రం ఒక్కడూ మానడు. ఆఖరి ప్రీఫైనల్‌కి రెండు రోజుల ముందే ఖాళీ కాగితం ఇంటికి పంపి అమ్మతో నింపించుకు రమ్మను, ఆ రోజు నోటుబుక్కులోకి ఎక్కించు. ఆ తరవాత నీకు ఇంకొక్క అవకాశం ఉంటుంది, ఒరిజినల్ మెమోలు బడికి వచ్చినప్పుడు. కానీ అప్పుడు ఒక్కొక్కరే ఒక్కో రోజు వస్తారు. చేతిలో మెమో పెట్టే ముందు పేజీ తెరిచి “ఏమైనా మారిందా?” అని అడుగు. మెమో పట్టుకున్న గుంటడు మళ్ళీ ఆగడు.

స్లామ్ బుక్కులు చూస్తున్నావు కదా, ఇష్టమైన హీరో ఎవరు, ఇష్టమైన రంగేటి. ఆ పేజీ చివర రెండు గీతలు గీసి ఊరూ పిన్నూ రాయించమని పిల్లలకి చెప్పు. అదొక్కటి ఉంటే ఆ పుస్తకానికి అర్థం ఉంటుంది.

పుస్తకం తయారయ్యాక దాన్ని మోసేది ఎవరు? నువ్వు ఫస్టు ర్యాంకు పిల్లనో క్లాస్ లీడర్నో అనుకుని ఉంటావు. వద్దు. ముందు మాయమయ్యేది వాళ్ళే. మార్కులు బాగా వస్తే ట్రిపుల్ ఐటీ. అది ఎచ్చెర్ల క్యాంపస్ అయితే అదృష్టం, నూజివీడో ఒంగోలో ఇడుపులపాయో అయితే ఆరేళ్ళు ఆ వైపే. లేదంటే విశాఖలో హాస్టలు కాలేజీ, అక్కడ ఇంటరు రెండేళ్ళూ ఫోను ముట్టనివ్వరు. ఊళ్ళో మిగిలేవాడు కావాలి నీకు. నాన్న కొట్టులో కూర్చునేవాడు, దగ్గర ఐటీఐలో చేరేవాడు, వ్యవసాయం చూసుకునేవాడు. క్లాసులో వెనక బెంచీలో ఉంటాడు, కానీ ఎవరి చెల్లెలి పెళ్ళి ఎప్పుడో వాడికే తెలుసు. అలాంటి ఇద్దర్ని ఎంచు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అమ్మాయిల పేజీల జిరాక్సు అమ్మాయి దగ్గరే ఉండాలి. అసలు పుస్తకం నీ దగ్గర. ఆ పేజీలు ఫోటో తీసి గ్రూపులో మాత్రం పెట్టకు. ఆడపిల్లల చిరునామాలు ఎక్కడెక్కడికి పోతాయో మనకి తెలీదు.

ఇప్పుడు గ్రూపు. అడ్మిన్లు ముగ్గురుండాలి. ఒక్కడే అడ్మిన్ అయి వాడు బయటికి పోతే వాట్సాప్ తనకి తోచినవాణ్ణి అడ్మిన్ చేస్తుంది. వాడు ఎవడో, ఎలాంటివాడో! మాయమయ్యే మెసేజీల సెట్టింగు ఆపి ఉంచమను. ఎవరి ఫోనో తెలిసేలాగ పేర్లు సేవ్ చేసుకోమను, ‘గౌరి వాళ్ళ నాన్న’ అని. లేకపోతే పిల్లలు రాసే పిచ్చి రాతలు ఆ నాన్న చదువుతాడు, మర్నాడు గౌరి గ్రూపులో ఉండదు. నంబరు మారేటప్పుడు కొత్త సిమ్ వేసి కొత్తగా ఖాతా తెరవకూడదు. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో నంబరు మార్చే చోటు ఉంటుంది, పాతదీ కొత్తదీ రెండూ అక్కడ కొట్టాలి. అలా చేస్తే గ్రూపులన్నీ కొత్త నంబరుకి వచ్చేస్తాయి, గ్రూపులో అందరికీ తెలుస్తుంది. ఈ ఒక్కటీ ఫోను చేతిలో పట్టుకుని క్లాసులో చూపించు. డబ్బులు కలిపే పని మాత్రం గ్రూపులో పెట్టనివ్వకు, నేస్తాలు విడిపోయేది అక్కడే.

హాస్టలు పిల్లలకి కార్డు ముక్కే గతి. పోస్టు కార్డు అర్ధ రూపాయి, ఇన్‌లాండు రెండున్నర, కవరు 5 రూపాయలు. కవరు బరువు 20 గ్రాములు దాటకూడదు, దాటితే ప్రతి 20 గ్రాములకీ ఇంకో 5. మామూలు ఏఫోర్ కాగితం 5 గ్రాములు తూగుతుంది. రెండు కాగితాలూ ఒక ఫోటో పెట్టొచ్చు, బెంగలేదు. ఇన్‌లాండులో మాత్రం ఏమీ పెట్టకూడదు. స్టాంపు తక్కువైతే ఆ లోటుకి రెట్టింపు అవతలివాళ్ళ దగ్గర వసూలు చేస్తారు, హాస్టల్లో ఆ డబ్బులు ఎవరిస్తారు? కవరు మీద పేరుతో పాటు ఇంటరు గ్రూపు, సెక్షను, హాస్టలు గది రాయాలి. వార్డెన్ విప్పి చదువుతాడనే అనుకుని రాయమను. అబ్బాయి ఒక్కడే అమ్మాయిల హాస్టలుకి రాస్తే ఆ పిల్లకి లేనిపోని తలనొప్పి. అయిదుగురు కలిసి ఒకే కార్డు మీద సంతకాలు పెట్టి పంపితే ఎవరూ ఏమీ అనరు.

గ్రూపు ఫోటో గురించి రెండు మాటలు. అది తీసిన రోజే పేర్లు రాయాలి. ఫోటోగ్రాఫరు తీసిన వెంటనే ఎవరూ కదలకుండా ఎడమ నుంచి కుడికి ఒక్కో వరస పేర్లు చెప్పించి, ఫోన్లో వీడియో తీయి. ఒక్క నిమిషం పని. తరవాత ఆ పేర్లు టైపు చేయించి ఫోటో కిందే అచ్చు వేయించు. వెనకాల బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు ముఖాల మీద గీతలు లేస్తాయి.

ఇక కలిసే రోజు. “ఎప్పుడైనా ఒక ఆదివారం” అనుకుంటే ఆ ఆదివారం రాదు. వలస వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చేది సంక్రాంతికే. భోగి, పెద్దపండగ ఇంట్లోవాళ్ళవి, కనుమ నాడు సాయంత్రం నాలుగింటికి బడి గేటు దగ్గర అని ఇప్పుడే చెప్పెయ్యి, ఏటా అదే రోజు, అదే వేళ. ఫోన్ లేనివాడికి కూడా గుర్తుంటుంది. ఆ రోజు బడికి సెలవు కాబట్టి హెడ్ మాస్టరు గారి అనుమతి ముందే కాగితం మీద తీసుకో. ఇక్కడ మా పిల్లలు సిరిమానోత్సవానికి కలుద్దామంటారు. దసరా వెళ్ళిన మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర పక్కనున్న మనిషి మాట వినబడదు, ఇంక కలవడం ఏటి! మర్నాడు పెట్టుకోమంటాను. హైదరాబాదు నుంచి రావాలనుకున్నవాళ్ళకి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. జనవరి 13 ప్రయాణానికి నవంబరు 14న, అంటే బాలల దినోత్సవం నాడే. ఆ రోజు పొద్దున్న గ్రూపులో ఒక్క మాట వెయ్యమను. టిక్కెట్టు శ్రీకాకుళం రోడ్డుకి తీయాలి, స్టేషను ఉన్నది ఆమదాలవలసలో కదా, రాత్రి దిగేవాళ్ళు ఊరికి ఎలా చేరాలో ముందే చూసుకోవాలి. మీ టెక్కలి వైపు వాళ్ళు పలాసకో నౌపడకో తీసుకుంటే మేలు, అక్కడ ఏ బండి ఆగుతుందో చూసి.

ఇంకొకటి మర్చిపోయాను, అసలు ఇదే ముందు చెప్పాల్సింది. రాసిన చిరునామాలు సరైనవో కావో ఎలా తెలుస్తుంది? ప్రీఫైనల్ రోజున పిల్లకొక పోస్టు కార్డు ఇచ్చి, ఎవరి చిరునామా వాళ్ళచేతే దాని మీద రాయించు. “అందింది” అని ఫలానా నంబరుకి చెప్పమని వెనకాల రాసి ఉంచు. ఆ కట్ట నీ దగ్గర పెట్టుకుని మే నెల మొదట్లో డబ్బాలో వెయ్యి. ఎవరి కార్డు తిరిగొచ్చిందో, ఎవరు పలకలేదో, వాళ్ళ పేజీ ఇంకా సెలవులుండగానే సరిచేసుకోవచ్చు. 38 కార్డులకి 19 రూపాయలు. మీ పోస్టాఫీసులో కార్డులు లేవంటారేమో, ఇక్కడ హెడ్ పోస్టాఫీసులో 40 కొని ఈ వారమే పంపిస్తాను. రెండు ఎక్కువ, పిల్లలు ఎలాగూ ఒకటో రెండో పాడుచేస్తారు. మీ ఆఖరి ప్రీఫైనల్ తేదీ ఎప్పుడో బేగి రాయి.

నీ
నేస్తం