మెదడు స్కానులో తెల్లమచ్చ: ఏ సీక్వెన్స్‌లో?

సంపాదకులకు,

మెదడు ఎంఆర్‌ఐ గురించి రాసేటప్పుడు పత్రికల ఆరోగ్య పేజీల్లో ‘స్కానులో తెల్లమచ్చ కనిపించింది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. ఏ సీక్వెన్స్‌లో, అంటే స్కాను తీసే ఏ పద్ధతిలో, తెల్లగా ఉందో చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు. మెదడు చుట్టూ ఉండే సీఎస్‌ఎఫ్ ద్రవాన్నే తీసుకోండి. టీ1 అనే సీక్వెన్స్‌లో నల్లగా, టీ2 అనే దానిలో తెల్లగా, ఫ్లెయిర్ అనే దానిలో మళ్లీ నల్లగా కనిపిస్తుంది. మనిషీ మారలేదు, యంత్రమూ మారలేదు.

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలు ఉండవు. 1.5 లేదా 3 టెస్లాల బలమున్న అయస్కాంతంలో పడుకోబెట్టి, నీటిలోనూ కొవ్వులోనూ ఉండే హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగంతో కదిలిస్తారు. 1.5 టెస్లాలో ఆ తరంగం సుమారు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాలో 128. కదిలినవి తిరిగి అయస్కాంతం దిశకు సర్దుకునే వేగాన్ని టీ1, వాటి లయ చెదిరిపోయే వేగాన్ని టీ2 చెబుతాయి. రేడియో పల్స్‌కూ పల్స్‌కూ మధ్య సుమారు 500 మిల్లీసెకన్లు, సంకేతం పట్టడానికి 15 మిల్లీసెకన్లు ఆగితే టీ1 చిత్రం వస్తుంది. అవే 4000, 100 చేస్తే టీ2. పల్స్‌ల మధ్య ఆగే సమయాన్ని టీఆర్ అని, సంకేతం పట్టేదాకా ఆగే సమయాన్ని టీఈ అని అంటారు. ఫ్లెయిర్ కూడా టీ2 లాంటిదే, కాకపోతే సీఎస్‌ఎఫ్ సంకేతం సున్నా అయ్యే క్షణం చూసి తీస్తారు. అందుకే మెదడు లోపల ద్రవం నిండి ఉండే గదుల (జఠరికల) అంచున టీ2లో ద్రవం తెలుపులో కలిసిపోయే చిన్న మచ్చలు ఇందులో విడిగా తేలతాయి. వయసు పైబడినవారిలో, బీపీ ఉన్నవారిలో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. వాటిని చూడగానే గడ్డ అని భయపెట్టడం అన్యాయం.

అసలు జాగ్రత్త డిఫ్యూజన్ దగ్గర, అంటే నీటి కదలికను చూపే సీక్వెన్స్ దగ్గర, కావాలి. స్ట్రోక్ వచ్చినచోట కణాలు ఉబ్బి, నీటి కదలిక బిగుసుకుపోతుంది. సీటీ ఇంకా మామూలుగా కనిపించే తొలి గంటల్లోనే డిఫ్యూజన్‌లో ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. కానీ టీ2 తెలుపు ఇందులోకి కూడా తొంగిచూస్తుంది, దాన్నే టీ2 షైన్‌త్రూ అంటారు. కనుక పక్కన ఏడీసీ మ్యాపు, అంటే నీటి కదలిక ఎంతో లెక్కగట్టి చూపే చిత్రం, పెట్టుకుని చూడాల్సిందే. అక్కడ అదే చోటు నల్లగా ఉంటేనే నీటి కదలిక నిజంగా తగ్గినట్టు. అప్పుడు కూడా స్ట్రోకే అని తేల్చలేం, చీముగడ్డ కూడా అలాగే కనిపిస్తుంది. సైనస్‌ల పైన, చెవి ఎముక దగ్గర గాలి వల్ల వచ్చే మెరుపు అసలు జబ్బే కాదు.

రోగి కదలడం మరో చిక్కు. చాలా సీక్వెన్స్‌లలో చిత్రం ఒక్క క్లిక్కుతో రాదు, కొన్ని నిమిషాలపాటు వరసలుగా పోగుచేసిన సంకేతాలతో తయారవుతుంది. మధ్యలో తల రెండు మిల్లీమీటర్లు జరిగినా అంచులు నీడల్లా పదేపదే పడతాయి. చాలాసార్లు ఆ సీక్వెన్స్ మొత్తం మళ్లీ తీయాల్సి వస్తుంది. దగ్గు వస్తే సీక్వెన్స్‌ల మధ్య విరామంలో దగ్గమని ముందే చెప్పడం మేలు.

గడోలినియం అనే కాంట్రాస్టు మందు ఎక్కించాక తీసిన టీ1లో మచ్చ తెల్లబడితే, సాధారణంగా అక్కడ రక్తనాళాల అడ్డుగోడ దెబ్బతిన్నట్టు. ఎక్కించక ముందు తీసిన టీ1 పక్కన లేకుండా ఆ మాట అనకూడదు, ఎందుకంటే కొవ్వు, కొన్ని దశల్లో రక్తం మందు లేకుండానే టీ1లో తెల్లగా ఉంటాయి.

ఎంఆర్‌ఐ బొమ్మ వేసినప్పుడు సీక్వెన్స్ పేరు, మందు ఎక్కించారా లేదా అన్న రెండు ముక్కలు దాని కింద వేయండి. సాధారణంగా అవి చిత్రం మూలల్లోనో రిపోర్టులోనో దొరుకుతాయి. ఆ మూలల్లోనే రోగి పేరు, నంబరు కూడా ఉంటాయి. వాటిని మాత్రం చెరిపేసి వేయాలి.

– ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టులు