బిడ్డా, గాంధీనే మొదట పెట్టు

నల్లగొండ,
గురువారం రాత్రి

బిడ్డా,

ఎంబీబీఎస్ సీటుకు ఏ మెడికల్ కాలేజీని ముందు పెట్టాలో పొద్దున ఫోన్లో పెద్దమ్మ, పెద్దనాయన, అన్న తలా ఒక మాట అంటుంటే నువ్వు "సరే నాయనా" అని పెట్టేశావు. ఆ సరే నీ మనసులోంచి వచ్చింది కాదని నాకు తెలుసు. అందుకే డ్యూటీ దిగి, అన్నం తిని ఇది రాస్తున్నాను. రేపు మొదటి హైదరాబాద్ బస్సు కండక్టర్‌కు ఇచ్చి పంపిస్తాను. దిల్‌సుఖ్‌నగర్ స్టాప్‌లో అన్నను పంపి తీసుకో.

ముందు నీ నీట్ మార్కుల సంగతి. బయాలజీలో 360కి 300, కెమిస్ట్రీలో 180కి 101, ఫిజిక్స్‌లో 180కి 38. మొత్తం 439. ఫిజిక్స్‌లో ముప్పై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల డాక్టరెట్లా అవుతుందని ఎవరో అన్నారని అమ్మకు చెప్పి ఏడ్చావట. కౌన్సెలింగ్‌లో సబ్జెక్టు సబ్జెక్టుగా ఎవరూ చూడరు తల్లీ. మొత్తం మీద వచ్చిన ర్యాంకే చూస్తారు. ఇంటర్ మార్కులు అర్హతకు సరిపోతే చాలు, ర్యాంకులో కలవవు. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందు చూసేది బయాలజీనే, అక్కడ నీ 300 నిన్ను ముందుకు తోస్తుంది. పోయినేడు ఫిజిక్స్‌లో నీకు వచ్చింది పదకొండు. నాలుగింటికి నేను ఫస్ట్ సర్వీసుకు బయల్దేరేటప్పుడు రోజూ నీ గదిలో లైటు వెలుగుతూ ఉండేది. ఆ ముప్పై ఎనిమిది ఎట్లా వచ్చిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక అసలు మాట. "వచ్చేదే పెడతా నాయనా, గాంధీ, ఉస్మానియా పెట్టి ఏం లాభం?" అన్నావు. వెబ్ ఆప్షన్లు, అంటే నువ్వు ఆన్‌లైన్‌లో పెట్టే కాలేజీల వరస, అట్లా నడవవు. నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు సీట్లు ఇచ్చే కాళోజీ యూనివర్సిటీ వాళ్ల కంప్యూటర్ నీ మొదటి ఆప్షన్‌లో సీటు ఉందా అని చూస్తుంది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. పైన గాంధీ పెట్టినందుకు కింద ఉన్న నల్లగొండ సీటు ఎక్కడికీ పోదు. కానీ నల్లగొండ పైన పెట్టావనుకో, అది దొరికితే దాని కింద ఉన్నవాటిని చూడనే చూడదు. మా డిపోలో ఒక డ్రైవర్ కొడుకు పాత లిస్టులు చూసుకుని, తనకు రావనుకున్న కాలేజీలను అసలు పెట్టనే లేదు. తర్వాత చూస్తే అదే రిజర్వేషన్ కేటగిరీలో అతని కంటే వెనక ర్యాంకు వాళ్లకు అక్కడ సీటు వచ్చింది. ఆ తండ్రి లిస్టును ఫోన్లో పెట్టుకుని నాలుగు రోజులు అందరికీ చూపించాడు. ఆ బాధ మన ఇంట్లో వద్దు.

అన్న పాత కటాఫ్ మార్కులు చూసి చెబుతున్నాడు. మార్కులతో పోల్చవద్దని చెప్పు. 2025లో ఫిజిక్స్ పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో రాసినవాళ్లకు తెలుసు. చూస్తే ర్యాంకు చూడాలి, అదీ మన కేటగిరీలో, అదీ చివరి విడత కౌన్సెలింగ్‌ది.

గాంధీ, ఉస్మానియా, కాకతీయ పెట్టాక మన వైపు కాలేజీలు పెట్టు. టికెట్లు కొట్టుకుంటూ ఈ ఊళ్లన్నీ తిరిగినవాణ్ణి. మహబూబ్‌నగర్ కాలేజీ 2016లో వచ్చింది. నల్లగొండ, సూర్యాపేట 2019లో. నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో. గద్వాల, నారాయణపేట 2024లో యాభై యాభై సీట్లతో మొదలయ్యాయి. పాత కాలేజీలో సీనియర్లు ఉంటారు, హౌస్‌సర్జన్లు ఉంటారు, వార్డులో చెయ్యి పట్టుకుని నేర్పే మనిషి ఉంటాడు. కొత్తవాటిలో ప్రొఫెసర్లు చాలడం లేదని పేపర్లో వస్తూనే ఉంది. అందుకని వాటిని కింద పెట్టు, కానీ పెట్టు. గద్వాల దూరమని అమ్మ భయపడుతోంది. కాచిగూడ నుంచి రైలుంది, నేనే వచ్చి దింపుతాను.

నార్కట్‌పల్లి కామినేని, మహబూబ్‌నగర్ ఎస్వీఎస్ ప్రైవేటు కాలేజీలు. వాటిలో ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు ఇచ్చే కన్వీనర్ సీటు గురించి నేను రెండు రోజులు ఆలోచించాను. గవర్నమెంటులో ఏడాదికి పదివేలు, అక్కడ అరవై వేలు. ఆ యాభై వేల తేడా నేను భరిస్తాను. రెండూ 1999 నుంచి నడుస్తున్నవే. వాటిని గద్వాల, నారాయణపేటల పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది నీ ఇష్టం, నన్ను చూసి తగ్గకు. బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటు, మాత్రం వద్దు. ఏడాదికి పదకొండు లక్షల పైమాట. పొలం అమ్ముదామని మామయ్య అంటున్నాడు కానీ తమ్ముడి చదువు కూడా ఉంది కదా.

నల్లగొండ మొదట పెడతానన్నది నానమ్మ మోకాళ్ల కోసమని అమ్మ చెప్పింది. నానమ్మ మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. రెండేళ్లు ఒక డాక్టర్ దగ్గర కీళ్లవాతమని సూదులు వేయించాం. ఆ తర్వాత వేరే చోట ఒక కుర్ర డాక్టర్ చెయ్యి పట్టుకోకముందే "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. మర్రిగూడ అనగానే ముంజేతికి ఎక్స్‌రే రాసి, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన జబ్బని చెప్పాడు. వంగిన ఎముక తిరిగి రాదు కానీ అనవసరపు సూదులు ఆగాయి. నీకు అప్పుడు పన్నెండేళ్లు, పక్కనే నిలబడి విన్నావు. బయటికి వచ్చాక "ఊరు అడిగితే జబ్బు తెలుస్తుందా నాయనా?" అన్నావు. నువ్వు డాక్టర్ కావాలని నేను అనుకున్నది ఆ రోజే. నానమ్మను చూసుకోవడానికి నేనున్నాను, అమ్మ ఉంది. ఆమె కోసం నువ్వు దగ్గర కాలేజీ ఎంచుకుంటే ఆమే ఒప్పుకోదు, ఇందాక అడిగాను.

ఒక్క జాగ్రత్త. మొదటి విడతలో సీటు వచ్చి చేరాక, రెండో విడతలో ఇంకో కాలేజీ వస్తే పాతది దానంతటదే పోతుంది. కాబట్టి అప్పుడు ఉన్నదాని కంటే నిజంగా కావాలనుకున్నవే పెట్టు. ఏ విడతలోనూ సీటు రాకపోతే మళ్లీ ఏడాది లాంగ్ టర్మ్ కోచింగా, ఇంకేమైనానా అన్నది అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. దాని గురించి ఇప్పుడు టెన్షన్ పడకు.

ముందు కాగితం మీద వరస రాసుకుని, ఒక రాత్రి పడుకుని లేచి మళ్లీ చూడు. ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చో. ఓటీపీ అమ్మ ఫోనుకు వస్తుంది, ఆమె ఫోను చార్జింగులో పెట్టించే ఉంచుతాను. రేపు నాకు దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్ డ్యూటీ, కల్వకుర్తి దాటేదాకా సిగ్నల్ సరిగ్గా ఉండదు. ఎల్లుండి ఆఫ్. పొద్దున తొమ్మిదికి ఫోన్ చెయ్యి, నీ కాగితం చదివి వినిపించు.

నీ నాయన