ఆ ‘వెరీ’కి డబ్బులు కట్టారు

సంపాదకుడు గారికి,

ఈ నెల 9వ తేదీ మీ శ్రీకాకుళం జిల్లా అనుబంధంలో, ఎప్పటిలాగే చివరి పేజీ అడుగున, సరిహద్దు అవతల ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వార్త ఒకటి వేశారు. వేసినందుకు సంతోషమే. పాతపట్నం దాటితే మనుషులుండరనుకునే పత్రికలు కూడా ఉన్నాయి. ఉత్తరం రాయడానికి వారం పట్టింది. కోపం తగ్గుతుందేమోనని ఆగాను, తగ్గలేదు.

శీర్షిక ‘లిటరల్లీ నదిలా మారిన వీధి’. లిటరల్లీ అంటే అక్షరాలా, ఉన్నది ఉన్నట్టు అని. ‘నదిలా’ అంటే నది కాదు, నది లాంటిది అని. ఈ రెండూ ఒకే వరుసలో ఎలా కూర్చున్నాయో నాకు అర్థం కాలేదు. మహేంద్రతనయ మా ఊరి పక్కనే పారుతుంది కాబట్టి నది అంటే ఏమిటో మాకు తెలుసు. ఆ రోజు వీధిలో ఉన్నవి మోకాలి లోతు మురుగునీళ్ళు. నా ఎడమ కాలి చెప్పు అందులోనే పోయింది. అదీ వార్త.

‘అక్షరాలా’ అన్న మాటతో నాకు ముప్పై ఏళ్ళ పైబడిన సంబంధం ఉంది. తపాలా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మనియార్డరు ఫారం మీద సొమ్ము అంకెల్లో రాశాక అక్షరాల్లో కూడా రాయించేవాళ్ళం. ప్రామిసరీ నోటు మీద ‘అక్షరాలా పదివేల రూపాయలు’ అని పడ్డాక పదకొండువేలు అడిగే మొనగాడు లేడు. అంత ఖచ్చితమైన మాటని పట్టుకెళ్ళి మురుక్కాలవలో ముంచారు. ఇంగ్లీషు వాళ్ళే ఈ లిటరల్లీ గురించి నూరేళ్ళ పైనుంచి తగువు పడుతున్నారు. వాళ్ళ తగువు మనకెందుకు?

అదే వార్తలో అధికారి గారి మాటలు వేశారు: ‘యాక్చువల్లీ ఈ సమస్య మా దృష్టికి వచ్చింది, డెఫినెట్లీ పరిష్కరిస్తాం.’ ఆ రోజు గొడుగు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. ఆయన మాట్లాడింది ఒడియాలో. ‘నిశ్చయ కరిబు’ అన్నారు. నిశ్చయం అన్న మాట మనకీ ఉంది. ఒడియా నిశ్చయాన్ని తెలుగు నిశ్చయంగా రాస్తే చాలే, మధ్యలో డెఫినెట్లీ దగ్గర దిగి టిఫిను చేసి రావడం దేనికి? యాక్చువల్లీ అయితే ఆయన అననే లేదు, మీ విలేకరి సొంత ఖర్చు. ఒకందుకు నప్పిందనుకోండి. ‘యాక్చువల్లీ’తో మొదలైన మాట ఏ ఆఫీసులోనైనా పని జరగకపోవడానికి కారణం దగ్గరే ఆగుతుందని నా అనుభవం. పెన్షను కాగితం మీద ఒక అక్షరం తప్పు పడితే దిద్దించుకోవడానికి పదకొండుసార్లు తిరిగాను, పదకొండు యాక్చువల్లీలు విన్నాను. సరే, ఆ గోల ఇంకో ఉత్తరంలో.

1986 వర్షాకాలం అనుకుంటాను, నేను టెలిగ్రాం కౌంటర్లో ఉన్నాను. కొడుకు ఖరగ్‌పూర్‌ రైల్వేలో పనిచేసే ఒక పెద్దాయన వచ్చాడు. ఇంట్లో ముసలామెకి బాగోలేదు. అందరికీ రాసినట్టే ‘మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియెట్లీ’ అని రాసి చదివి వినిపించాను. ‘సీరియస్ అంటే నమ్ముతాడేటి బాబూ? చాలా చాలా అని రాయి’ అన్నాడు. మాటకింతని డబ్బు పడుతుందని చెప్పాను. ఆయన పంచె మొలలోంచి చిన్న మూట తీసి, ముడి విప్పి, చిల్లర కౌంటరు మీద పోసి, ‘ఈ డబ్బులకి ఎన్ని చాలాలు వస్తాయి?’ అని అడిగాడు. చిరునామాతో సహా మాటలు లెక్కపెడితే ఒక్కటే వచ్చింది. ‘మదర్ వెరీ సీరియస్’ అని కొట్టాను. మూడో రోజు కొడుకు నౌపడలో దిగి, చిన్న రైలెక్కి వచ్చాడు. తల్లి అప్పటికి కళ్ళు తెరిచే ఉంది.

ఆ ‘వెరీ’ కూడా పుట్టినప్పుడు ఇలా లేదు. పాత ఫ్రెంచిలో ‘నిజమైన’ అనే మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, వాడివాడి అరిగిపోయి, వట్టి ‘చాలా’గా మిగిలింది. అది చాలక రియల్లీ తెచ్చుకున్నారు. భయంలోంచి పుట్టిన టెరిబ్లీ, ఆఫుల్లీ కాఫీ బాగుందనడానికి కూడా పనికొస్తున్నాయి. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. మాటకి డబ్బు కట్టే బాధ తప్పింది కదాని ఒక్క వాక్యంలో నాలుగు పోస్తున్నారు. ఆ రోజుల్లో సీరియస్ అన్న మాట ఉంటుందేమోనని టెలిగ్రాం కవరు విప్పకముందే ఇల్లంతా ఏడ్చేది. ఇప్పుడు మా మనవరాలికి టమాటా కిలో ఎంతో చెబితే ‘సీరియస్లీ?’ అంటుంది.

నేనేమీ చాదస్తుణ్ణి కాను. బస్సు, టికెట్టు, టెన్షన్, సడన్‌గా, అన్నీ నా నోట్లో ఉన్నవే. మనకి లేని వస్తువు అరువు తెచ్చుకుంటే తప్పులేదు. కానీ ఆశ్చర్యపోవడానికి కూడా అరువేనా? మా వైపు ‘ఏటి’ అన్న ఒక్క మాట చాలు. పొట్టిగా అంటే ప్రశ్న, సాగదీసి ‘ఏటీ!’ అంటే నమ్మకం లేదని, ‘ఏటేటీ?’ అంటే దెబ్బలాటకి దిగుతున్నామని. ఇక ‘ఓలమ్మో’ ఉండనే ఉంది. మాట బలం పెంచాలంటే మన పెద్దవాళ్ళు దానికి తోక తగిలించలేదు, ఆ మాటనే రెండుసార్లు అన్నారు. పగలు రెండుసార్లయితే పట్టపగలు. అలాగే నట్టనడుమ, చిట్టచివర, బట్టబయలు. ‘పట్టపగలు దొంగతనం’ అని రాసిచూడండి, షాకింగ్లీ అని ముందు తగిలించాల్సిన పని ఉండదు. పక్కింటి ఒడియా వాళ్ళు ఇప్పటికీ ‘భారి సుందర’ అంటారు, ఆశ్చర్యమైతే ‘సతరే?’ అంటారు. వాళ్ళకి సరిపోయింది.

మీ కార్యాలయానికి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి మర్యాదగానే ‘జనం మాట్లాడేదే రాస్తాం సార్, గిడుగు వారు చెప్పింది అదే కదా’ అన్నాడు. నాయనా, గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పింది మా ఊళ్ళోనే. సవర గిరిజనుల్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్న మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయిన మనిషి. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజని, ఆయన ఫొటో మొదటి పేజీలో వేస్తారు. ఆయన రాయమన్నది జనం నోట్లో మాట. మా వీధిలో నీళ్ళు తోడుకుంటున్న ఏ ఆడమనిషి ‘లిటరల్లీ’ అందో మీ విలేకరినే అడగండి.

ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, మా మనవరాలి బడిలో తెలుగు చెప్పేవారు లేరు. ఉన్నాయన రిటైరయ్యాక ఇంకొకరు రాలేదు. వెళ్ళి అడిగితే పైనుంచి రావాలంటారు, ఆ పైన ఎవరున్నారో ఎవరూ చెప్పరు. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది. సాయంత్రం నా పక్కన కూర్చుని మీ పత్రిక కూడబలుక్కుంటుంది. అంటే దానికి తెలుగు వాచకం మీరే. 9వ తేదీన ఆ శీర్షిక మీద వేలు పెట్టి, ‘లి-ట-ర-ల్లీ’ అని చదివి, ‘తాతా, ఇది మన మాటేనా?’ అని అడిగింది. టెలిగ్రాం కథ చెబితే పెద్దాయన చిల్లర దగ్గర కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సీరియస్లీ అనబోయి ఆగింది.

కాలవ పూడిక ఇవాళ్టికీ తియ్యలేదు. ఇంకో వాన పడితే ఆ వార్త మీరు మళ్ళీ వెయ్యాల్సిందే. ఈసారి ‘వీధిలో మోకాలి లోతు నీళ్ళు’ అని వెయ్యండి. లోతు నేనే కొలిచి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా