మీ ఇంటి పెద్దల పాట మాకు కావాలి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సంగీతం పీరియడులో ఒక వాద్యబృందపు రికార్డింగు వినిపించాము. జానపద బాణీల ఆధారంగా ఐరోపా స్వరకర్తలు కూర్చిన రచనలు అందులో ఉన్నాయి. “కోవూరు పిల్లలకు ఇంగ్లీషు సంగీతం ఎందుకమ్మా?” అని ఇద్దరు ముగ్గురు అడిగారు కనుక ఈ నెల లేఖ దాని గురించే రాస్తున్నాను.

అది ఇంగ్లీషు సంగీతం కాదని ముందుగా మనవి. మేము ఎక్కువసేపు విన్నది హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ కూర్చిన ‘రుమేనియన్ జానపద నృత్యాలు’. ఆయన, ఆయన మిత్రుడు జోల్తాన్ కోడాయ్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఫోనోగ్రాఫు యంత్రాన్ని వెంటబెట్టుకుని పల్లెలు తిరిగి, రైతులు పాడే పాటలను మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశారు. నేటి రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియా పల్లెల్లో అలా సేకరించిన బాణీలనే బార్టోక్ 1915లో పియానోకు అమర్చి, 1917లో చిన్న వాద్యబృందానికి మార్చాడు. అన్నీ కలిపి ఏడు నిమిషాలలోపే అయిపోతాయి.

మొదటిదాని పేరు కర్ర నృత్యం అనగానే వెనక బెంచీలోంచి ఒక పాప “కోలాటమా, మేడమ్?” అంది. కాదు, అక్కడ అది కర్ర పట్టుకుని ఒక్కడే ఆడే ఆట. అయినా అడగవలసిన ప్రశ్నే. మూడో నృత్యం వినడానికి మాత్రం ఫ్యాన్లు ఆపవలసి వచ్చింది. తీగవాద్యాలు రెండే స్వరాలను, మన లెక్కలో షడ్జ పంచమాలను (స, ప), తంబురా శ్రుతిలాగా విడవకుండా పట్టుకుని ఉంటే, పైన పిక్కొలో అనే చిన్న పిల్లనగ్రోవి ఒంటరిగా పలుకుతుంది. పిల్లలు మళ్లీ పెట్టమన్నది ఈ ఒక్కదాన్నే.

చెక్ స్వరకర్త ద్వొర్జాక్ 1878 నాటి ‘స్లావోనిక్ నృత్యాల’లో జానపదుల నడకలను తీసుకుని, బాణీలు తానే కట్టాడు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సంగతి వేరు. ఆయన ‘హంగేరియన్ నృత్యాల’లో ఎంతో పేరు పొందిన ఐదోదాన్ని జానపద బాణీ అనుకుని వాడుకున్నాడు గాని, అది బేలా కేలర్ అనే స్వరకర్త రాసినదని తరువాత తేలింది. పాటతో పాటు అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాసిపెట్టుకోకపోతే ఎంతటివారైనా పొరబడతారు.

అందుకే ఒక విన్నపం. ఇప్పుడు పెన్నా కాలువల కింద నాట్లు పడుతున్నాయి. మీ ఇంట్లో అవ్వకో, నాయనమ్మకో నాట్ల పాట, కోలాటం పాట, ఊయల పాట వస్తే, సంక్రాంతి సెలవుల లోపల పిల్లల చేత ఫోనులో రికార్డు చేయించండి. గొంతు బాగుండాలని లేదు, మధ్యలో దగ్గు వచ్చినా, కోడి కూసినా తీసివేయవద్దు. ఆ పాటను ఏ ఊళ్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పాటకు ముందు వారి నోటనే చెప్పించండి. ఈ రికార్డింగులను తరగతి గదిలోనే వినిపిస్తాము, వాట్సాప్ గ్రూపులలో పెట్టము. పెద్దవారు పాడనంటే బలవంతం చేయవద్దు. చరణం నోటితో చెబితే పిల్లలు నోటుపుస్తకంలో రాసుకుని వచ్చినా చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని