మళ్లీ ‘కందిసా’ విన్నాను

అన్నలూ, తమ్ముళ్లూ,

నిన్న రాత్రి కాజీపేటలో కరెంటు పోయింది. మేడ మీద కూర్చొని ఇండియన్ ఓషన్ బ్యాండ్ వాళ్ల ‘కందిసా’ మొత్తం విన్నాను. 2000లో వచ్చిన ఆల్బమ్. హాస్టల్లో టేపు నలిగేదాకా తిప్పి తిప్పి విన్నాం, యాదుందా?

‘మా రేవా’ నర్మద ఒడ్డు జానపదం. నర్మదా ఉద్యమంలో తిరిగిన రోజుల్లో బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ నేర్చుకున్న పాట. ఆ తాళం వింటే నాకు ఇప్పటికీ మన ఒగ్గు డోలే గుర్తొస్తుంది. టైటిల్ పాటేమో కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన. మాటలు అర్థం కాకున్నా కళ్లు తడిశాయి.

బ్యాండ్‌లో అసీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవారు. 2009లో పోయారు. ఆయన గొంతు వచ్చిన చోటల్లా వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను.

ఆదివారం మా ఇంటికి రండి. పాత స్పీకర్లు బాగు చేయించాను. ఇది ఫోన్లో కాదు, గది నిండా వినాలి. ఎవరి దగ్గరన్నా ఆ క్యాసెట్ ఉంటే తప్పకుండా తెండి.