ఆ మాటలను నా బదులు చదివినవారికి కృతజ్ఞతలు

నా పేరుతో, నా ఫోటోతో నకిలీ ఖాతాలు తెరిచి, మార్ఫింగ్ చేసిన చిత్రాలను నా పరిచయస్తులకు పంపుతూ, నన్ను రోజూ బెదిరిస్తూ ఒక వ్యక్తి సాగించిన వేధింపుల కాలంలో నాకు తోడు నిలిచినవారందరికీ ఈ రోజు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఆ ఖాతాలు తొలగిపోయాయి, వాటిని నడిపింది ఎవరో దర్యాప్తులో తేలింది. కేసు విచారణలో ఉంది కనుక ఆ వ్యక్తి గురించి ఇక్కడ ఏమీ రాయను.

ముందుగా నా స్నేహితురాలికి. మొదటి రోజు భయంతో అన్నీ చెరిపేసి, ఆ ఖాతాను బ్లాక్ చేయబోతుంటే ఆమె నన్ను ఆపింది. చెరిపేస్తే సాక్ష్యం పోతుందని, మన ఫిర్యాదు వల్ల ఖాతా తొలగిపోయినా అందులోని రాతలు మళ్లీ మన కంటికి కనబడవని, అందుకే ముందు అన్నీ భద్రపరచాలని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని, ప్రతి సందేశానికీ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, సమయం, ఖాతా పూర్తి లింకుతో సహా ఒక పట్టికలో రాసిపెట్టింది. ఖాతా మీద కనబడే పేరును ఎప్పుడైనా మార్చుకోవచ్చు కనుక లింకు ఎంత ముఖ్యమో నాకు తర్వాత తెలిసింది. ఆ పట్టికలో రెండు వందలకు పైగా వరుసలు ఉన్నాయి. నన్ను ఉద్దేశించి రాసిన అన్ని బూతులనూ, నేను చదవకూడదని, ఆమె చదివింది.

"రాతలే కదా, చట్టం వీటిని పట్టించుకుంటుందా?" అని నేను అడిగినప్పుడు మా న్యాయవాది గారు ఓపికగా సమాధానం చెప్పారు. జపాన్‌లో 22 ఏళ్ల కుస్తీ క్రీడాకారిణి హనా కిమురా సామాజిక మాధ్యమాల్లో దూషణలకు గురై 2020లో మరణించాక, ఆమె తల్లి గట్టిగా పోరాడారని, 2022లో అవమాన నేరానికి ఏడాది వరకు జైలుశిక్ష పడేలా అక్కడి చట్టాన్ని మార్చారని, న్యూజిలాండ్ అయితే 2015లోనే ఇటువంటి రాతలను తొలగించమని ఆదేశించే అధికారాన్ని కోర్టులకు ఇచ్చిందని వివరించారు. ఖాతా ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి నడిచిందో తెలిపే లాగ్‌లను, అంటే నమోదులను, సంస్థలు కొంతకాలమే ఉంచుతాయి కనుక, వాటిని భద్రపరచాలని కోరుతూ ఆ వారమే దరఖాస్తు పెట్టించారు.

ఆ చిత్రాలను మళ్లీ ఎవరికో చూపించాల్సి వస్తుందేమోనన్న భయం నన్ను నిద్రపోనివ్వలేదు. అనుమతి లేకుండా పంచే సన్నిహిత చిత్రాలను సామాజిక మాధ్యమాల్లో అడ్డుకోవడానికి ఉన్న స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవ గురించి చెప్పి, పక్కన కూర్చుని పూర్తి చేయించిన తమ్ముడికి నా ధన్యవాదాలు. చిత్రం మన ఫోను దాటకుండానే దాని నుంచి హ్యాష్ అనే గుర్తు తయారవుతుంది, ఆ సేవలో భాగస్వాములైన సంస్థలకు ఆ గుర్తు మాత్రమే వెళుతుంది, దానితో సరిపోలే చిత్రాలను అవి పట్టుకుంటాయి.

ఆ చిత్రాలు అందినా ఎవరికీ పంపకుండా, రిపోర్టు చేసి, ఆ సంగతి నాకు తెలియజేసిన ప్రతి ఒక్కరికీ రుణపడి ఉన్నాను. "అసలు ఫోటోలు ఎందుకు పెట్టావు?" అని అడిగినవారూ ఉన్నారు. బెదిరింపుల కన్నా ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ కుంగదీసింది. కార్యాలయంలో గుసగుసలు మొదలైనప్పుడు, సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమె కాదని అందరి ముందూ అన్న మా పై అధికారి మాటతోనే నేను మర్నాడు మళ్లీ పనికి వెళ్లగలిగాను.

ఆ పట్టికను నేను ఇప్పటికీ తెరవలేదు. దాన్ని తయారుచేసింది తానే కనుక సాక్షిగా తానే కోర్టుకు వస్తానని నా స్నేహితురాలు చెప్పింది.